ఎడమపక్క కొలత

దర్జీ కూతురి వెన్ను దానంతటదే చక్కబడిపోయిందట. ఆపరేషనూ లేదు, గీపరేషనూ లేదు, పెద్దాసుపత్రి వాళ్ళే పేరు కొట్టేశారట. ఈ మాట పై వాటాలో ఉండే రేడియో పిన్ని పాలు పోసే ఆవిడకి చెప్పింది. రేడియో పిన్నికి ఆ పేరు ఊరికే రాలేదు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. పాలావిడ ఆ కబురుని వీధి పొడుగునా ప్రతి గిన్నెలోనూ ఇంత పోసుకుంటూ వెళ్ళింది. మూడో రోజుకి అది తిరిగి తిరిగి దర్జీ భార్య చెవినే పడింది, అదీ దుకాణం ముందు వరసలో నిలబడి ఉండగా, వెనకనున్న ముసలమ్మ నోటి నుంచి.

"నీ కూతురి సంగతి విన్నానమ్మా, చల్లని కబురు. ఇంతకీ ఏం నూనె రాశారు? మా ఆయనకి మెడ పట్టేసి నెలైంది," అని.

దర్జీ భార్య ఏమీ కొనకుండానే వెనక్కి తిరిగింది. కింద వీధి వైపు కుట్టుగది, పైన రెండో అంతస్తులో కాపురం. ఖాళీ సంచీ చేతిలో ఉండగానే కుట్టుగదిలోకి వచ్చి మిషను ఎదురుగా నిలబడింది.

"విన్నారా? మన పిల్ల నడుం బాగైపోయిందట. మనకి తప్ప అందరికీ తెలుసు."

దర్జీ పెదాల మధ్య ఉన్న పిన్నులు ఒక్కొక్కటే తీసి మెత్తకి గుచ్చాడు. నవ్వలేదు గానీ మూతి ఒక పక్కకి కదిలింది. ఇరవై ఏళ్ళు కాపురం చేసిన మనిషికి ఆ మాత్రం చాలు.

"ఏంటా నవ్వు?"

"నవ్వలేదే!"

"నవ్వారు. మీ కుట్టు అంత గొప్పదని లోపల మురిసిపోతున్నారు. పిల్లకి ఊపిరాడక చస్తుంటే ఈయనకి మెచ్చుకోళ్ళు కావాల్సొచ్చాయి."

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. రెండేళ్ళ మూడు నెలలుగా ఆ పిల్ల ఒంటి మీద పడిన ప్రతి బట్టా అతను కుట్టిందే. పిల్లకి పదమూడు నిండాయి. వెన్ను వీపు మధ్యలో కుడికి ఒరిగి, నడుం దగ్గర మళ్ళీ ఎడమకి తిరుగుతుంది. కుడి భుజం పైకి లేచి, ఎడమ భుజం కుంగి ఉంటుంది. కుడి రెక్క ఎముక వీపు మీద పొడుచుకొస్తుంది. మామూలు గౌను వేస్తే అంచు ఒక పక్క మోకాలికి పైన, ఒక పక్క కింద. దర్జీ ఆ ఎడమ భుజంలో మూడు పొరల గుడ్డతో మెత్త కుట్టేవాడు. కుడి చంక కింద కంటికి ఆనని పట్టీ ఒకటి కలిపేవాడు. రెక్క ఎముక ఉన్నచోట మూడు కుచ్చిళ్ళు వదిలేవాడు, పిల్ల కదిలినా వంగినా అవి విచ్చుకుని ఎత్తుని మింగేసేవి. వీపు నడిమి కుట్టు మాత్రం వెన్ను ఉన్నచోట వేసేవాడు కాదు, ఉండాల్సిన చోట వేసేవాడు. చూసేవాళ్ళ కన్ను కుట్టు వెంటే నడుస్తుంది. కుట్టు తిన్నగా ఉంటే మనిషీ తిన్నగా ఉన్నట్టే.

తిన్నని ఒంటికి ఎవడైనా కుడతాడు, వంకర ఒంటికి కుట్టినవాడే దర్జీ అని అతనికి పని నేర్పినాయన అనేవాడు. ఆ మాటకి ఇంత గట్టి పరీక్ష తన ఇంట్లోనే వస్తుందని ఆయనా అనుకుని ఉండడు, ఇతనూ అనుకోలేదు.

"గురువారమేగా రమ్మన్నది," అన్నాడు దర్జీ, మాట తప్పించడానికి. ఆసుపత్రి నుంచి వచ్చిన కాగితం గోడకి పిన్నుతో గుచ్చి ఉంది. "ఈసారి ఆపరేషనుకి పిలిచేస్తారు. రెండేళ్ళు దాటింది, ఇంకెంత ఆపుతారు? దానికి కొత్త గౌను మొదలుపెడతా ఇవాళే."

"ఆసుపత్రికి కొత్త గౌనెందుకు?"

"పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్తున్నాం. మాసిన బట్టల్లో తీసుకెళితే మనుషులని చూస్తారా?"

దానికి మాత్రం ఆమె అడ్డు చెప్పలేదు. వెళ్ళిన రెండుసార్లూ అలాగే తీసుకెళ్ళారు, కడిగిన ముత్యంలా.

*

ఆ మంగళవారం సాయంత్రమే, బడి నుంచి రాగానే పిల్లని కత్తిరింపు బల్ల పక్క పీట మీద నిలబెట్టాడు. బయట వాళ్ళకి కనపడకుండా గుమ్మానికి గుడ్డ దించాడు. టేపు మెడలోంచి తీసి, ఎడమ చంక కింద ఒక కొస పెట్టి నడుం దాకా లాగాడు.

"ఊపిరి బిగబట్టకు. మామూలుగా ఉండు."

"మామూలుగా ఉంటే వంకరగా ఉంటా నాన్నా. ఏది కావాలో చెప్పు."

"నోరు మాత్రం తిన్నగానే ఉంది నీకు."

"అదొక్కటీ నువ్వు కుట్టలేదు కాబట్టి."

అతను టేపు మీద వేలుగోరు పెట్టి చూశాడు. ఇంకోసారి కొలిచాడు. పుస్తకంలో రాశాడు. పిల్ల పేరున వేరే పుస్తకమే ఉంది. మిగతావాళ్ళందరి కొలతలకీ కలిపి ఒకటి, ఆమెకొక్కదానికే ఒకటి. ఒంటికి రెండు వైపులా వేరువేరు కొలతలున్న మనిషి ఆ వీధిలో ఇంకెవరూ లేరు మరి.

"మెట్లెక్కుతూ ఆగుతున్నావట. మీ అమ్మ చెప్పింది."

"లెక్కపెడుతున్నా."

"పుట్టినప్పట్నించీ ఎక్కుతున్న మెట్లు. ఎన్నున్నాయో తెలీదా?"

"ముప్పై ఎనిమిది. ఈమధ్య పెరిగినట్టున్నాయి."

అతను తలెత్తాడు. పిల్ల గుమ్మానికి దించిన గుడ్డ వైపు చూస్తోంది. మెడ గుంటలో చర్మం గబగబా లోపలికీ బయటికీ పోతోంది. పీట ఎత్తు జానెడు కూడా ఉండదు. అది ఎక్కినందుకే ఆ ఎగశ్వాస. అతను టేపు చుట్టి మెడలో వేసుకుని, సుద్దముక్క కోసం వెతుకుతున్నట్టు తల వంచుకున్నాడు.

గౌను బుధవారం సాయంత్రానికి పూర్తయింది. ముదురు నీలం గుడ్డ, తెల్ల కాలరు. భార్య పైన కూర్చుని చేత్తో గుండీల కాజాలు కుట్టింది. కోపంగా ఉన్నా ఆమె కాజా కుట్టు వంక పెట్టేలా ఉండదు. ఇస్త్రీ చేసి కొయ్యకి తగిలిస్తే, ఆ గౌను లోపల ఎవరో చక్కని పిల్ల నిలబడి ఉన్నట్టుంది.

*

పెద్దాసుపత్రిలో వెన్నెముకల విభాగం నాలుగో అంతస్తు. లిఫ్టు తలుపుకి 'మరమ్మతులో ఉంది' అని కాగితం అంటించి ఉంది. ఎప్పటిదో, అంచులు ఎర్రబడి చుట్టుకుపోయాయి. నడుములు పనిచెయ్యని పిల్లల్ని నాలుగో అంతస్తులో పెట్టాలన్న బుద్ధి ఎవరికి పుట్టిందో గానీ, మెట్ల మలుపులన్నిటా తల్లులూ పిల్లలూ కూలబడి ఉన్నారు. దర్జీ కూతురు మూడుచోట్ల ఆగింది. ఆగిన ప్రతిసారీ గౌను ముడతపడకుండా నిలబడే ఉంది.

హాల్లో ఇనప బెంచీలు. తొమ్మిదికి రమ్మన్నవాళ్ళు పదకొండున్నరకి కూడా అక్కడే ఉన్నారు. పక్కన ఒకామె ఎనిమిదేళ్ళ కూతుర్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ పిల్ల వేసుకున్న దుకాణం గౌను ఒక భుజం మీంచి జారిపోతూ, ఇంకో పక్క చంకలో ఎత్తిపట్టేస్తోంది. దర్జీ చెయ్యి ఊరుకోలేక రెండుసార్లు టేపు కోసం మెడ దగ్గరికి వెళ్ళింది. ఆ పిల్ల తల్లి ఇతని కూతుర్ని పైనుంచి కిందికి చూసింది.

"మీ అమ్మాయికి నయమైపోయినట్టుందే! బొమ్మలా ఉంది. మరి ఎందుకొచ్చారు?"

దర్జీకి ఒక్క క్షణం కడుపు నిండినట్టయింది. ఆ ఒక్క క్షణానికీ తర్వాత అతను తనని తాను చాలాసార్లు తిట్టుకున్నాడు.

లోపల కుర్ర డాక్టరు. ముందు రెండుసార్లు చూసినవాళ్ళిద్దరూ కాదు, మూడో ఆయన. కళ్ళకింద నల్లచారలు. చొక్కా మూడో గుండీ ఒక్క పోగు మీద వేలాడుతోంది. అది ఎప్పుడు ఊడిపడుతుందా అని దర్జీ చూపు అక్కడే ఉండిపోయింది.

"రామ్మా. అటు తిరుగు. ఆఁ, ముందుకి వంగు."

పిల్ల వంగింది. వీపు మీది మూడు కుచ్చిళ్ళూ విసనకర్రలా విచ్చుకున్నాయి.

"తెర వెనక చూడాలి, తోడు ఆయమ్మ ఉండాలి... ఏదీ?" అని డాక్టరు గుమ్మం వైపు కేకేశాడు. పక్క వార్డుకి వెళ్ళిందని బయట నుంచి ఎవరో అన్నారు. ఆయన గడియారం చూశాడు. బయట బెంచీల మీద ఇంకా అరవై మంది. "సరేలే, తెలుస్తూనే ఉంది. నొప్పుందా?"

"లేదు," అంది పిల్ల.

"ఆయాసం?"

"మెట్లెక్కితే."

"ఈ మెట్లెక్కితే నాకూ వస్తుందమ్మా," అన్నాడు డాక్టరు. ఎగతాళికి కాదు, నిజంగానే అన్నాడు. కంప్యూటరు మీద టకటకా కొట్టాడు. "బాగానే నిలబడింది. పెద్దగా మారలేదు."

"ఎక్స్‌రే తియ్యరాండీ? తీసి రెండేళ్ళయింది," అన్నాడు దర్జీ.

"రాస్తున్నా. నాలుగు నెలల తర్వాతకి తేదీ దొరుకుతుంది."

చీటీ చేతికొచ్చింది. తర్వాతి పేరు పిలిచేశారు. మొత్తం నాలుగు నిమిషాలు. ఒక కాజా కుట్టడానికి కూడా దర్జీకి అంతకంటే ఎక్కువ పడుతుంది.

బయట అద్దం వెనక గుమస్తా ఉంటాడు. ఆపరేషన్ల లిస్టు ఆయన చేతిలోనే. చీటీ తీసుకుని, కళ్ళజోడు ముక్కు కొసకి దించి చదివాడు.

"రెండో లిస్టులోకి వెళ్ళింది మీ అమ్మాయి."

"అంటే ముందుకొచ్చినట్టా అండీ?"

"ముందుకొస్తే ఒకటో లిస్టు అంటారు కదయ్యా. ఇన్నాళ్ళూ ఒకటోదాంట్లో చివర ఉంది. ఇప్పుడు రెండోది. ఆగగలిగినవాళ్ళ లిస్టు."

"ఆగగలదని ఎవరన్నారు?"

"కాగితం అంది." ఆయన చీటీ తిప్పి చూపించాడు. "మార్పు లేదు, వేచి ఉండవచ్చు."

"రెండో లిస్టు వాళ్ళని ఎప్పుడు పిలుస్తారు?"

గుమస్తా చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "మీతో అబద్ధమెందుకు? ఈ ఏడాది దాంట్లోంచి ఒక్కర్నీ పిలవలేదు. ఆపరేషను గది మాకిచ్చేది వారానికి రెండు రోజులు. రోడ్డు మీద కాళ్ళు విరిగినవాళ్ళొస్తే అదీ పోతుంది."

దర్జీ మళ్ళీ డాక్టరు గది వైపు పరిగెత్తాడు. గుమ్మంలో కాపలాతను చెయ్యి అడ్డం పెట్టాడు. ఇతను చెప్పబోయినదల్లా ఆ చెయ్యికే చెప్పాడు. చెయ్యి వినదు కదా. తిరిగొచ్చేసరికి గుమస్తా జాలిపడ్డట్టున్నాడు.

"శనివారం పెద్ద డాక్టరమ్మ వస్తుంది. చీటీ లేనివాళ్ళని ఓ అయిదుగుర్ని చూస్తుంది. పేర్లూ గీర్లూ ఉండవు. గుమ్మంలో నిలబడి చూపుతోనే ఏరుతుంది, ఎవరికి మరీ ఎక్కువగా ఉందో వాళ్ళని. పొద్దున్నే ఏడింటికి వచ్చి నిలబడండి." అని, కళ్ళజోడు మీంచి పిల్ల వైపు చూశాడు. "కానీ ఎందుకులే. వంగిపోయినవాళ్ళు యాభై మంది వస్తారు. మీ పిల్ల ఆవిడ కంటికి ఆనదు."

పిల్ల ఆ మాట విని తండ్రి మొహంలోకి చూసింది. దర్జీ కూతురి గౌను వైపు చూశాడు. ముదురు నీలం గుడ్డ, నడిమి కుట్టు తాడు పట్టినట్టు తిన్నగా ఉంది.

*

ఇంటికొచ్చాక ఎవరూ సరిగా తినలేదు. దర్జీ కిందికి దిగి కుట్టుగదిలో కూర్చుని పిల్ల కొలతల పుస్తకం మొదటి పేజీ నుంచి తిప్పాడు. ఎడమ చంక నుంచి నడుం దాకా: ఏడంగుళాలు. తర్వాత పావు తక్కువ ఏడు. ఆరున్నర. ఆరు. మంగళవారం నాటిది అయిదుంబావు. దాని పక్కనే పొడుగు రాసి ఉంది. అది ప్రతిసారీ పెరిగింది. పిల్ల ఎదుగుతోంది, ఆ పక్క మాత్రం తరిగిపోతోంది. పక్కటెముకలు ఒకదాని మీద ఒకటి మూసుకుపోతున్నాయి. ఊపిరికి చోటెక్కడుంటుంది?

ఈ అంకెలన్నీ తన చేత్తో రాసినవే. రాసిన ప్రతిసారీ, మెత్త ఇంకొంచెం లావు చెయ్యాలి, పట్టీ ఇంకొంచెం వెడల్పు చెయ్యాలి అనుకున్నాడు. అంతే. ఆసుపత్రిలో లేని లెక్క తన సొరుగులో ఉంది. దాన్ని అతను ఇన్నాళ్ళూ గుడ్డగా చదివాడు, ఎముకగా చదవలేదు.

శుక్రవారం మధ్యాహ్నం, నీలం గౌను బల్ల మీద తిరగేసి పరిచాడు. బ్లేడు తీశాడు. ఎడమ భుజం కుట్టు కొసన పెట్టి లాగాడు. ఒక్కో కుట్టూ టప్పుటప్పుమని తెగింది. మూడు పొరల మెత్త బయటికి వచ్చింది. భుజం కూలిపోయింది. చంక కింద పట్టీ విప్పాడు. కుచ్చిళ్ళు విప్పి, తడిగుడ్డ వేసి, ఇస్త్రీపెట్టెతో చదును చేసి నొక్కేశాడు.

భార్య కాఫీ తెచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏం చేస్తున్నారు?"

"కనపడట్లా?"

"మతిపోయిందా మీకు? నిన్ననేగా వేసుకుంది!"

"అందుకే విప్పుతున్నా. ఇది వేసుకున్నంతకాలం దాన్ని ఎవరూ చూడరు. గౌనునే చూస్తారు."

ఆమెకి అర్థమయ్యేందుకు కాసేపు పట్టింది. అర్థమయ్యాక కాఫీ బల్ల మీద పెట్టి, తెగిన దారప్పోగులు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టింది.

"వీధిలోంచి ఎలా నడుస్తుందండీ అలా? బస్సులో ఎలా కూర్చుంటుంది? రెండేళ్ళు రెక్కల కింద పెట్టుకుని దాచింది ఒక్కపూటలో బజారున పెడతారా? పైన శాలువా కప్పి తీసుకెళ్దాం. అక్కడికి పోయాక తీద్దాం."

"శాలువా ఎందుకమ్మా?" పిల్ల బడి సంచీతో వచ్చి తల్లి వెనకే నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి వింటోందో. "మెట్లెక్కలేక చస్తున్నా, పైన బరువొకటా?"

"నువ్వు పైకి పో."

"పైకి పోవాలంటే ముప్పై ఎనిమిది మెట్లు. ఇక్కడే కూర్చుంటా."

పిల్ల పీట మీద కూర్చుంది. దర్జీ మిషను మీద గుడ్డ పెట్టాడు. ఇక్కడే వచ్చింది చిక్కు. భుజం కుట్టు మొదలుపెట్టగానే చేతులు వాటంతటవే గుడ్డని అరంగుళం పక్కకి జరిపేస్తున్నాయి. విప్పాడు. మళ్ళీ కుట్టాడు. మళ్ళీ జరిగింది. చేతులకి ఆ ఒళ్ళు కంఠతా వచ్చేసింది. దాన్ని మరిచిపొమ్మంటే మరిచిపోవు. చివరికి గోడకి వేలాడే అట్ట నమూనా తీశాడు. పదమూడేళ్ళ పిల్లలందరికీ ఒకే కొలతలో ఉండే అట్ట అది. దాని అంచు పట్టుకుని, ఏమీ తెలియనివాడిలా, పని నేర్చుకుంటున్నవాడిలా, మెల్లగా కుట్టుకొచ్చాడు. కింది అంచు ఒంటి మీద కాకుండా బల్ల మీద కొలిచి మడిచాడు.

"వేసుకో తల్లీ."

పిల్ల గుడ్డ చాటుకి వెళ్ళి వేసుకొచ్చి నిలువుటద్దం ముందు నిలబడింది. కుడి భుజం గుడ్డని పైకి ఎత్తేసింది. ఎడమ భుజం మీద గుడ్డ ఖాళీగా ముడతలు పడింది. వీపు మీద రెక్క ఎముక, లోపలెవరో మోచెయ్యి పెట్టి పొడుస్తున్నట్టు. నడిమి కుట్టు పాములా మెలిక తిరిగింది. పిల్ల పక్కకి తిరిగి చూసుకుంది, ఆ తర్వాత ఇంకో పక్కకి.

"ఓహో," అంది. "ఇంతుందా?"

దర్జీ చెయ్యి భుజం మీది ముడత సర్దబోయి ఆగింది.

"నువ్వు మంచి దర్జీవే నాన్నా," అంది మళ్ళీ. గొంతులో వెటకారం ఉందేమోనని దర్జీ వెతికాడు. లేదు.

తల్లి ఏరిన దారప్పోగులన్నీ ఉండలా చుట్టి చుట్టి, పక్కన పారెయ్యకుండా కొంగులో ముడేసుకుని పైకి వెళ్ళిపోయింది. కాఫీ బల్ల మీదే చల్లారింది.

*

శనివారం తెల్లారగానే ముగ్గురూ మెట్లు దిగారు. పాల కోసం గిన్నెతో కిందికి వచ్చిన రేడియో పిన్ని మెట్ల మొదట్లోనే ఎదురుపడింది. పిల్లని చూసి గిన్నె గుండెలకి అదుముకుంది.

"అయ్యో అయ్యో! మొన్నటిదాకా నిక్షేపంలా ఉన్న పిల్ల! ఏమైందే నీకు?"

"నాకు నయమైపోయిందని చెప్పావట కదా పిన్నీ," అంది పిల్ల. "ఆ ముక్క ఆసుపత్రిలో కూడా చెప్పేసి వద్దామని."

రేడియో పిన్ని నోరు అంతసేపు మూతపడి ఉండటం ఆ మెట్లు ఎన్నడూ చూసి ఉండవు. వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు. బస్సులో ఒకాయన లేచి సీటిచ్చాడు. పిల్ల ఎవర్నీ చూడకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తండ్రి ఆమె వెనక సీట్లో, ఊతకర్ర పోయినవాడిలా, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కూర్చున్నాడు.

పెద్ద డాక్టరమ్మ ఎనిమిదింబావుకి వచ్చింది. నెరిసిన జుట్టు, పొట్టి మనిషి, చేతిలో కలం. గుమ్మంలో నిలబడి హాలంతా ఒకసారి చూసింది. కలం అటూ ఇటూ తిరిగి, దర్జీ కూతురి మీద ఆగింది.

"నువ్వు. ముందు నువ్వు రా."

గుమస్తా అద్దం వెనక నుంచి లేచి నిలబడి చూశాడు. తను గురువారం చూసిన పిల్లే అని ఆయనకి నమ్మకం కుదిరినట్టు లేదు.

ఈసారి ఆయమ్మ ఉంది. తల్లినీ పిల్లనీ తెర వెనక్కి తీసుకెళ్ళి, డాక్టరమ్మ వేళ్ళతో వెన్నుపూసలన్నీ తడిమి చూసింది. బయటికి వచ్చి, "ఎక్స్‌రే. ఇప్పుడే," అంది. నాలుగు నెలలకి గానీ దొరకని ఎక్స్‌రే ఇరవై నిమిషాల్లో వచ్చింది. ఊపిరి కొలిచే ముల్లున్న గొట్టం ఒకటి ఇచ్చి గట్టిగా ఊదమన్నారు. పిల్ల మూడుసార్లు ఊదింది. ముల్లు సగం దాకా కూడా పోలేదు.

దీపాల బల్ల మీద రెండు ఎక్స్‌రేలు పక్కపక్కన పెట్టారు. ఒకటి రెండేళ్ళ మూడు నెలల నాటిది, ఒకటి ఇప్పటిది. కొలత చెప్పక్కర్లేదు గానీ డాక్టరమ్మ చెప్పింది. "అప్పుడు నలభై నాలుగు డిగ్రీలు. ఇప్పుడు ఎనభై రెండు."

దర్జీకి డిగ్రీలు తెలియవు గానీ దాదాపు రెట్టింపు అంటే తెలుసు.

"అప్పుడైతే ఒక్క ఆపరేషను. రెండు కడ్డీలు వేస్తే సరిపోయేది. ఇప్పుడు రెండు చెయ్యాలి. ముందు కొన్ని వారాలు తలకి బరువు కట్టి వెన్నుని లాగి ఉంచాలి. ఊపిరితిత్తులు తట్టుకోవాలి. కాళ్ళు పడిపోయే ప్రమాదమూ ఉంటుంది, చెప్పకుండా దాచను. ఒకటో లిస్టులో పైన పెడుతున్నా."

"ఎన్నాళ్ళకండీ?" అంది తల్లి.

"ఆరు నెలలు. ఎనిమిది కావచ్చు." డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పడేసింది. కోపం ఎవరి మీద చూపించాలో తెలియని మనిషికి ఎదురుగా ఉన్నవాళ్ళే దొరుకుతారు. "మొక్కగా ఉన్నప్పుడు వంచాల్సింది, మానయ్యాక తెచ్చి మా నెత్తిన పెడితే మేమేం చెయ్యాలమ్మా? ఇంతగా ముదురుతుంటే ఇంట్లో కళ్ళు మూసుకుని కూర్చున్నారా?"

పక్కన నిలబడ్డ కుర్ర డాక్టరు కంప్యూటరులోంచి తలెత్తాడు. గుండీ ఊడిపోయినట్టుంది, ఆ చోట పిన్నీసు ఉంది. "మేడమ్, గురువారం నేనే చూశాను. ఆ రోజు ఇలా లేదు. నిజంగా లేదు."

"రెండు రోజుల్లో ముప్పై ఎనిమిది డిగ్రీలు వంగుతుందా?"

కుర్ర డాక్టరు మొహం పాలిపోయింది. ఆ పాలిపోవడం చూసి దర్జీ ఆగలేకపోయాడు.

"ఆయన తప్పు లేదండీ," అన్నాడు. "నేను దర్జీని. భుజంలో మెత్త పెట్టాను. చంక కింద పట్టీ వేశాను. వీపు మీద కుచ్చిళ్ళు వదిలాను. రెండేళ్ళ నుంచీ నా కుట్టుతోనే దాచేశానండీ. ఇంకెవరికీ తెలియదు. తప్పు నాదే." చెప్తూ చెప్తూ గాల్లోనే చేతులతో ఆ భుజం, ఆ పట్టీ చూపించాడు.

గదిలో గాలి తేలికపడింది. అది అందరికీ తెలిసింది. కుర్ర డాక్టరు ఊపిరి వదిలాడు. డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలి, అలసటగా తలాడించింది. ఇంతసేపూ ఆ గదిలో ఎవరిదీ కాకుండా తిరిగిన తప్పుకి ఒక మనిషి దొరికాడు.

"చూశారా మరి! తల్లిదండ్రులే దాచిపెడితే ఎక్కడని చూస్తాం?" అంటూ ఆమె కళ్ళజోడు పెట్టుకుని ఫైలు లాక్కుంది. రాస్తూ పైకే చదివింది. "వైకల్యాన్ని కుటుంబసభ్యులు కప్పిపుచ్చినందువల్ల చికిత్స ఆలస్యమైంది." కాగితం దర్జీ వైపు తిప్పి కలం అందించింది. "ఇక్కడ సంతకం పెట్టండి. రేపు పైనుంచి అడిగితే మా దగ్గర ఉండాలి."

దర్జీ కలం తీసుకున్నాడు. భార్య అతని మోచెయ్యి పట్టుకుంది గానీ లాగలేదు. నిజమే రాసుందిగా అన్నట్టు అతను కాగితం మీదికి వంగాడు.

పిల్ల ఎక్స్‌రేల బల్ల దగ్గర నిలబడి ఉంది. రెండు వెన్నుల్లో ఏది తనదో చూస్తున్నట్టు అంతదాకా ఇటు తిరగలేదు. ఇప్పుడు తిరిగింది.

"నాన్న దాచింది మా వీధివాళ్ళకి కనపడకుండా," అంది. "ఇక్కడికి మూడుసార్లు వచ్చాను. వీపు చూపించమంటే చూపించేదాన్ని. ఒక్కరూ అడగలేదు."